మందు తాగిన కంబళి

నా బిడ్డకు కప్పిన గుడ్డే నా బిడ్డ ప్రాణం తీస్తుందేమోనని నాకు భయం. పాముకూ తేలుకూ నేను ఇంతగా భయపడను. ఇప్పుడు ఏ గుడ్డ అయినా సరే, ముందు వాసన చూస్తాను. సబ్బు పెట్టి ఉతుకుతాను, ఎండకు వేస్తాను, మళ్ళీ వాసన చూస్తాను. అప్పటికీ జయంతికి కప్పబోతే చెయ్యి వెనక్కు వచ్చేస్తుంది. జయంతి నా కూతురు. ఇంకా నడక రాలేదు, గోడ పట్టుకొని లేచి నిలబడుతుంది.

ఈ భయం ఈ ఏటి వానల తర్వాత మొదలైంది. వానలు అనడం కూడా ఎక్కువే. శెనక్కాయ చెట్టు ఎండిపోయిన తర్వాత నాలుగు జల్లులు పడ్డాయి. పంటకు పనికిరాని ఆ జల్లులు పిడుదులకు పనికొచ్చాయి. మా మామ కొండప్ప గొర్రెలకు చెవుల్లో, తొడల సందుల్లో పిడుదులు గుత్తులు గుత్తులుగా పట్టుకొని రక్తం పీలుస్తుంటే గొర్రెలు మేత మాని రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటూ నిలబడేవి. మా ఊరు గుత్తికి పడమట, బస్సు దిగి చాలా దూరం నడవాలి. పశువుల ఆస్పత్రి ఇంకా దూరం. మా ఆయన జయరాం కంది చేనుకు తెచ్చిన పురుగుమందు సీసాలో సగం మిగిలి, చూరులో ఉండింది.

మామ దాన్ని దించాడు. బకెట్ నీళ్ళలో పోసి చేత్తో కలిపాడు. గొర్రెలను ఒక్కొక్కదాన్నే కాళ్ళ మధ్య ఇరికించుకొని పూశాడు. మా వైపు చాలామంది అట్లే చేస్తారు, కొత్త సంగతేం కాదు. తడిసిన గొర్రె ఊరుకోదు, ఒళ్ళు విదిలిస్తుంది. ఆ జల్లంతా ఆయన మీదే. గొర్రెపిల్లలు చలికి వణుకుతున్నాయని భుజం మీది కంబళి తీసి వాటిని తుడిచాడు. తుడిచి, మళ్ళీ అదే కప్పుకున్నాడు.

ఆ కంబళి సంగతి ముందే చెప్పాలి. నల్ల ఉన్నిది, అంచున తెల్ల గీత. చింతగింజల గంజి పట్టించి నేసింది, తొందరగా తడవదు. తడిస్తే తొందరగా ఆరదు. ఒక మూల కంప తగులుకొని చినిగితే నేనే కుట్టాను, నల్ల దారం లేక ఎర్ర దారంతో. మా ఇళ్ళల్లో కంబళికి సబ్బు పెట్టరు. ఎండకు వేసి కర్రతో దులుపుతారు, అంతే. ఉతికితే అందులోని మనిషి వాసన పోతుంది, వాసన పోతే మంద మాట వినదు. గొర్రె మనిషి ముఖం చూడదు, కంబళిని చూస్తుంది. మామకు జ్వరం వచ్చినప్పుడు ఎవరు మందను తోలుకుపోవాలన్నా ఆయన కంబళి భుజాన వేసుకోవాల్సిందే. ఇది నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో నేర్చుకున్న మొదటి సంగతి. ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని, ఇట్లాంటివి మాత్రం బాగా గుర్తుంటాయి.

మిట్టమధ్యాహ్నం నేను బిడ్డను చంకనేసుకొని సంగటి తీసుకొని దొడ్డి దగ్గరకు పోయేసరికి మామ తడికకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. నోటి వెంట చొంగ తీగలు తీగలుగా గడ్డం మీదికి జారుతోంది. తొడ మీది కండ దానంతట అది ఎగురుతోంది.

"ఎవురమ్మా, సరళవేనా? పొద్దు గూకిందా ఏమి? అంతా మసక మసకగా ఉండాది."

"ఇంకా మిట్టమధ్యాన్నమే మామా."

"అట్లనా," అన్నాడు. అని, పక్కకు ఒరిగాడు.

జీపు దొరికింది. ఎవరిదో కూడా నేను చూడలేదు. జయరాం ముందు కూర్చున్నాడు. మామను కంబళిలో చుట్టి వెనక పడుకోబెట్టారు, తల నా ఒళ్ళో. ఇంకో పక్క జయంతి. దారి పొడుగునా మామ నోటి నుంచి, ముక్కు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నా చీర తడిసింది, రవిక తడిసింది, మెడలో పసుపుతాడు తడిసింది. బిడ్డ ఏడిస్తే పాలిచ్చాను. అది పాలు తాగుతూ ఎప్పటి మాదిరే నా పసుపుతాడు గుప్పిట్లో పట్టుకొని, మధ్య మధ్య నోట్లో పెట్టుకొని చప్పరించింది. అప్పుడు నేను చూసి కూడా చూడలేదు. నా చూపంతా మామ ఛాతీ మీదే.

గుత్తిలో ఆస్పత్రి మెట్ల దగ్గర ఒక సిస్టరు చెయ్యి అడ్డం పెట్టింది. పేరు అర్చన అని తర్వాత తెలిసింది. నాకంటే పెద్దదేం కాదు.

"ఆగండాగండి. లోపలికి తేవద్దండి. మందు కేసేనా? తాగినాడా?"

"తాగలేదు. గొర్లకు పూసినాడు," అన్నాను.

"తాగి ఇట్ల చెప్పేవాళ్ళు శానామంది వస్తారమ్మా. నిజం చెప్పు, పోలీసోళ్ళకు కాదు, సూది ఎంత ఎయ్యల్లో తెలిసేదానికి అడుగుతాండా."

"తాగేంత కష్టం మా నాయనకేం లేదు," అని జయరాం అరిచాడు. "గొర్లకు పూసినాడంటే నమ్మవేమమ్మా?"

ఆమె వంగి మామ చేతులు చూసింది. మోచేతుల దాకా మందు వాసన. అప్పుడు నమ్మింది. ఆవరణలో వేపచెట్టు కింద బండరాయి, పక్కన కొళాయి. అక్కడికి మోయమంది. మోసుకుపోయి పడుకోబెట్టేలోగా ఆమె మెడ నుంచి కాళ్ళ దాకా వచ్చే ప్లాస్టిక్ బట్ట కట్టుకుంటోంది. మోచేతుల దాకా మందపాటి రబ్బరు గ్లౌజులు తొడుక్కుంది. ముక్కుకు, నోటికి గుడ్డ. కళ్ళకు వెల్డింగు పనివాళ్ళు పెట్టుకునేట్టువంటి అద్దాలు. వెనక దారాలు ముడి వేయడానికి ఆయా హనుమంతమ్మను పిలిచింది.

జయరాంకు ఒళ్ళు మండిపోయింది. "మా నాయన పానం పోతాంటే ఈడ నువ్వు అలంకారం చేసుకుంటాండావా?"

"నేను పడిపోతే మీ నాయనకు సూది ఎవురేస్తారప్పా? నువ్వేస్తావా?" గుడ్డ వెనక నుంచి గొంతు వేరేగా వచ్చింది. "నువ్వు గూడా దూరంగా జరుగు. ముట్టుకోవద్దు."

డాక్టరు కూడా గ్లౌజులతో వచ్చి చెట్టు కిందే సూది వేశాడు. హనుమంతమ్మ కత్తెరతో పంచె, చొక్కా కోసేసింది. కంబళిని మాత్రం ఎవరూ చేత్తో తాకలేదు. కర్రతో ఎత్తి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి గోడకు ఆనించారు. తలపాగా లేకుండా కోడలి ముందు ఎప్పుడూ నిలబడని మనిషి మా మామ. ఆయనను బండ మీద పడుకోబెట్టి తల వెంట్రుకల్లో, చెవుల వెనక, గోళ్ళ సందుల్లో సబ్బు పెట్టి రుద్దారు. నీళ్ళు పోశారు, మళ్ళీ రుద్దారు. నేను గోడ వైపు తిరిగాను. గోడ మీద పోలియో చుక్కల బొమ్మ ఉండింది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రావడం లేదా అని కూడా అనిపించలేదు. చెవుల్లో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"నువ్వు గూడా రామ్మా. బిడ్డ గూడా."

నాతోనే అని నాకు తెలియలేదు. అర్చన నా ఎదురుగా వచ్చి నిలబడి మళ్ళీ చెప్పింది. దుప్పట్లు అడ్డం కట్టి, నా చీర, రవిక, లంగా అన్నీ విప్పించారు. నా గుడ్డలు కూడా సంచిలోకి పోయాయి. జయంతి మొలతాడు కోశారు, దిష్టిపూస దాంతోపాటే పోయింది. బిడ్డకు సబ్బు పూస్తుంటే అది నవ్వింది. నీళ్ళంటే దానికి ఇష్టం.

అర్చన టార్చి వేసి దాని కళ్ళు చూసింది. "చొంగ ఎప్పటినుంచి కారుతాండాది?"

"పండ్లొస్తాండాయి మేడం. వారం నుంచి కారుతానే ఉండాది."

"పండ్లకో మందుకో ఇప్పుడే చెప్పలేను. కళ్ళు బాగానే ఉండాయి. ఈడే ఉండండి, నేను మళ్ళీ మళ్ళీ చూస్తా. నీ ఒళ్ళు కడిగేదాకా పాలియ్యద్దు."

అప్పుడు ఆమె చూపు నా మెడ మీదికి వచ్చింది. "ఆ దారం తియ్యల్ల."

నేను చేత్తో పట్టుకున్నాను. పట్టుకున్నానని కూడా నాకు తెలియదు.

"తాళిబొట్లు కడిగిస్తాలేమ్మా. దారమే పనికిరాదు. నూలు గదా, పీల్చుకుంటాది. బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుంటాదా?"

నేను తల ఊపాను. జీపులో అది చప్పరించిన చప్పుడు అప్పుడు వినిపించింది నాకు.

హనుమంతమ్మ కత్తెర పట్టుకొని వచ్చింది. ఆమెకు నా తల్లి వయసు. "నీ మొగుడు ఆడ గోడకాడ కూచోని బీడీ తాగుతాండాడు. దారం తెగినంత మాత్రాన పారిపోడులే. పారిపోయేవాడైతే దారముండీ ఆపదు."

కత్తెర నేనే తీసుకున్నాను. కోసిన చప్పుడు చాలా చిన్నది. హనుమంతమ్మ బొట్లు సబ్బునీళ్ళలో కడిగి, కట్టు కట్టే గాజుగుడ్డ పేలికను తాడులా పేని, వాళ్ళ వంటగది నుంచి చిటికెడు పసుపు తెచ్చి రుద్ది, నా మెడలో కట్టింది. "ఆస్పత్రి తాళి," అంది. నవ్వాలని చూసింది. నేను ఆస్పత్రి ఆకుపచ్చ గౌనులో నిలబడి ఉన్నాను, అది నాకు ఇద్దరు పట్టేంత ఉంది.

ఆ రోజంతా నేను రెండే పనులు చేశాను. బిడ్డ చొంగ తుడవడం, తుడిచిన గుడ్డ చూడడం.

మామ లోపల మంచం మీద ఉన్నాడు. సూదులకు నోరు ఎండిపోయి, ముఖం ఎర్రబడి, గాలిలో ఏదో పీకుతున్నాడు. పిడుదులు పీకుతున్నాడేమో. "హై... హైహై... ఆ కుంటిది యాడ పోయ? అంజినప్పా, అడ్డం తిరుగప్పా!" అని అరుస్తున్నాడు. అంజినప్ప ఆయన జతగాడు, పక్క ఊరు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ మందలు కలిపి మేపుకునేవాళ్ళు. అంజినప్పకు పెళ్ళాం పిల్లలు లేరు, మందలోనే పడుకుంటాడు. "నా కంబళి యాడ రా? చలి పుడతాండాది, కంబళి యాడ?" అని మామ మాటిమాటికీ అడిగాడు.

"ఉండాదిలే నాయనా, బయటుండాది," అన్నాడు జయరాం.

అర్చన అతన్ని వరండాలోకి పిలిచింది. నేను పక్కనే ఉన్నాను. "ఆ సంచులు విప్పద్దు. కాల్చద్దు, పొగ గూడా చెరుపే. బావికి దూరంగా లోతుగా గుంత తీసి పూడ్చండి. తెలిసిందా?"

"తెలిసింది మేడం."

ఆమె లోపలికి పోగానే నాతో గొణిగాడు. "మనిషి బతికుండంగా కంబళి పూడ్చేది యాడన్నా ఉండాదామే?"

మా ఇళ్ళల్లో కంబళి మట్టిలోకి పోయేది మనిషితో పాటే. అది నాకూ తెలుసు.

"సిస్టరమ్మ చెప్పినట్ల చెయ్యి," అన్నాను. "నా మెడలో దారమే తీసేసినారు, కంబళి ఒగ లెక్కనా?"

అతను సంచులు తీసుకొని, గొర్రెలను చూసి వస్తానని బస్సెక్కాడు.

మామ కొంచెం కొంచెంగా తేరుకున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. గంజి తాగాడు. జయంతికి కింద పన్ను తెల్లగా కనిపించింది. అర్చన వేలు పెట్టి తడిమి చూసి, "ఇదిగో దొంగ," అంది. అప్పుడు కూడా నాకు సంతోషం రాలేదు. సరే అనిపించింది, అంతే. ఆస్పత్రిలో కడిగిన గచ్చు మీద బిడ్డను కూర్చోబెట్టడానికి కూడా భయపడుతున్నాను.

జయరాం తిరిగి వచ్చినప్పుడు ముఖం తేటగా ఉంది. మామ మంచం మీద కూర్చొని ఉండడం చూసి ఇంకా తేటపడింది.

"గొర్లు ఎట్లుండాయి రా?" అన్నాడు మామ.

"బాగుండాయి నాయనా. అంజినప్ప తోలుకోని పోయినాడు, యాడికి ఊరి తట్టు. ఆడ గుట్టల కింద గడ్డి ఉండాదంట. మొదట కదల్లేదు చూడు! అంజినప్పను చూసి కొత్త కోడళ్ళ మాదిరి మూతి తిప్పుకున్నాయి. దొడ్డిలోనే నిలబడి అరిచి అరిచి ఊరికంతా నిద్ర లేదు. నీ కంబళి వాని భుజానేసినా. తడిక తీసినాడో లేదో, అన్నీ లేచి వాని ఎనకాల పోయినాయి."

మామ నవ్వాడు. "నా గొంతు తప్ప అన్నీ ఉండాయిలే వానికాడ."

నేను లేచి నిలబడ్డాను. జయంతి నా ఒళ్ళోంచి జారితే హనుమంతమ్మ పట్టుకుంది.

"సంచి విప్పినావా?"

"ఎండకేసినాలేమే. రెండు దినాలు కంప మీద ఏసినా, కర్రతో బాగా దులిపినా. వాసన గూడా లేదు."

"ఉతికినావా?"

"కంబళి ఎవురన్నా ఉతుకుతారా?" అన్నాడు. ఉతికితే గొర్రెలు రావు. అతను చెప్పేది నిజమే. మా ఇంట్లో ఎవరైనా అదే చేసి ఉండేవాళ్ళు. గొర్రెలు పస్తు పడి చచ్చిపోతుంటే ఊరుకుంటామా.

అర్చన సూది పెట్టె పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో.

"నీ భార్య మెడలో జానెడు దారానికే నేను భయపడితిని గదప్పా," అంది. అరవలేదు. "అంత కంబళి. ఉన్ని. ఎండకు వాసన పోతాది, మందు పోదు. చెమట పట్టినా, చినుకు పడినా మళ్ళీ ఊరతాది. ఆయన దాన్నే కప్పుకోని పండుకుంటాడా?"

"పండుకుంటాడు," అన్నాడు మామ. జయరాం కాదు. "గొర్రె ఈనితే పిల్లను గూడా దాంట్లోనే ఎత్తుకోని నడస్తాడు."

జయరాం ఆ బస్సుకే వెనక్కు పోయాడు. యాడికి ఊరి దాకా పోయి, గుట్టల కింద తిరిగాడు. గడ్డి ఉన్నచోట మంద నిలుస్తుంది, అయిపోతే లేస్తుంది. ఈ ఏడు ఎక్కడా గడ్డి ఎక్కువ లేదు. రోడ్డు పక్క సోడా అంగడి ఆమె అంజినప్పను చూసిందట. "తల దిమ్ముగా ఉండాదన్నాడు. ముక్కు చీదుకుంటా ఉన్నాడు. జలుబేమో అనుకొంటి. ఎండన పడి పోతాండావు గదా అని నిమ్మకాయ సోడా ఇస్తి. కండ్లు మసకేస్తాండాయన్నాడు, ముసలోనివైతివిలే అంటి," అని చెప్పిందట. జయరాం ఒక్కడే తిరిగి వచ్చి ఇది చెప్పాడు. మామ కూడా మిట్టమధ్యాహ్నం పొద్దు గూకిందా అనే అడిగాడు.

మామను ఇంటికి పంపించారు. ఇంటికి రాగానే నేను చూరు మొత్తం వెతికి, ఖాళీ సీసా కట్టెపుల్లతో తీసి ఊరి బయట పూడ్చాను. దొడ్డిలో ఆయన పడుకునే గోతాం పూడ్చాను. జయరాం మళ్ళీ వెతకడానికి పోయాడు, ఇంకా రాలేదు. మామ ఇంకా నాలుగడుగులు వేస్తే ఆయాసపడతాడు. అయినా పొద్దున్నే కర్ర పట్టుకొని రోడ్డు దాకా పోయి రాయి మీద కూర్చుంటాడు. వచ్చే బస్సును, పోయే లారీని ఆపి అడుగుతాడు. నేను సంగటి తీసుకుపోతే ముద్ద చేతిలోనే పెట్టుకొని చూస్తాడు.

"తినండి మామా."

"నా ఒళ్ళు ఆయమ్మ కడిగింది. అద్దాలు పెట్టుకోని, గ్లౌజులేసుకోని కడిగింది," అంటాడు. "వాని ఒళ్ళు ఎవురు కడగల్లమ్మా? వాడు ఒంటిగాడు."

 బిడ్డను వదిలి నేను గుట్టలు ఎక్కలేను. ఎత్తుకొని పోనూ లేను, ఆ కంబళి ఉన్నచోటికి. ఇంట్లో కూర్చొని బిడ్డ ఊపిరి చూస్తుంటాను. అది నిద్రలో పెదవులు చప్పరిస్తే లేచి గుప్పిట విప్పి చూస్తాను. నా మెడలో ఇప్పుడు కొత్త దారం ఉంది. దాన్ని జాకెట్ లోపలికి దోపుకొని పాలిస్తాను.

అందుకే ఇదంతా రాశాను. మీరు యాడికి ఊరి దిక్కు పోతుంటే, తాడిపత్రి దారిలో గానీ, గుట్టల దిక్కు గానీ, గొర్రెల మంద కనిపిస్తే బండి కొంచెం ఆపండి. గొర్రెలను కాదు, ముందు నడిచే మనిషిని చూడండి. పొట్టి మనిషి, కుడి చెవికి పోగు ఉంటుంది. భుజాన నల్ల కంబళి, అంచుకు తెల్ల గీత, ఒక మూల ఎర్ర దారంతో కుట్టు. పేరు అంజినప్ప. కండ్లు మసకేస్తాండాయా అని అడగండి. చొంగ కారుతోందా, చెమట పడుతోందా చూడండి. కొండప్ప బాగున్నాడని, కంబళి తీసెయ్యమన్నాడని చెప్పండి. మంద చెదిరిపోతుందని ఆయన ఒప్పుకోడు. చెదిరిపోనీమని కొండప్పే అన్నాడని చెప్పండి. దగ్గరలో నీళ్ళుంటే, సబ్బుంటే, తల దగ్గర నుంచి కడుక్కోమనండి, ఆ తర్వాత ఏ బండి దొరికితే ఆ బండిలో ఆస్పత్రికి ఎక్కించండి. కంబళిని మాత్రం మీరు చేత్తో ముట్టుకోవద్దు, కర్రతో తీయండి. ఒకవేళ ఆయన చెట్టు కింద ముసుగు తన్ని పడుకొని ఉంటే, నిద్రపోతున్నాడులే అని పోవద్దు. లేపి చూడండి.